వంకరగా బిగించిన మర

ఆ ఆదివారం పొద్దున నేమత్ చేతిలో ఉన్న సరుకంతా ఇంతే. తుక్కు బస్తాలోంచి ఏరి, టంకం పెట్టి బతికించిన ఒక పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్. దానికి తగిలించిన బొజ్జ టీవీ. అద్దంలా తుడిచిపెట్టిన క్యాసెట్ రికార్డర్. చెప్పుల పెట్టె నిండా క్యాసెట్లు, ఒక్కటీ నోరు విప్పనివి. వీటికి తోడు మధ్యాహ్నం దాకా గడువు.

ఆ గడువు ఎలా వచ్చి మెడకు పడిందో పోయిన వారమే చూశాం. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేమత్ తాష్కెంట్ పాత సామాన్ల సంతలో తలపండిన వ్యాపారి. సోవియట్ కాలపు రేడియోలు, కంప్యూటర్లు బస్తాల లెక్కన కొని, వాటిలోని పిసరంత బంగారం కోసం కరిగించేవాళ్ళకు అమ్మేవాడు. కొలిమికి పోవలసిన యంత్రం ఒకటి, ఊరికే చూద్దామని టీవీకి తగిలిస్తే వెలిగింది. ఆ రోజు నుంచి అతని తూకం చెడిపోయింది. కరిగిస్తే వచ్చేదాని కన్నా వెలిగిస్తే వచ్చేదే ఎక్కువని తోచడం మొదలైంది. ఇప్పుడు తనలాంటి పిచ్చివాళ్ళతో కలిసి గప్ నడుపుతున్నాడు. నెలకొకరి వంతున అందరూ కూడి పలావు తిని కబుర్లాడుకునే గప్‌లు ఊరంతా ఉన్నవే. వీళ్ళ గప్‌కు మాత్రం ఒక కట్టుబాటుంది. వంతు వచ్చినవాడు ఒక పాత యంత్రాన్ని అందరి ముందూ మాట్లాడించాలి. అది మాట్లాడేదాకా బాణలి మూత తియ్యకూడదు.

ఈ నెల వంతు నేమత్‌ది. చోటు మాత్రం మస్తూరా ఓపా పెరడు. ఓపా అంటే అక్క. సంతలో అతని వరస కొట్లు పడగొట్టి రోడ్డు వేసినప్పుడు, సామానంతా వానకు తడుస్తుంటే, తన పెరటి గది తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టిన మనిషి ఆవిడ. అద్దె మాటెత్తితే, నీ తుక్కు ఇక్కడుంటే మా ఎలుకలకు కాలక్షేపం, ఉండనీ అంది. వ్యాపారంలో నేమత్ ఎవరికీ బాకీ పడి ఉన్నవాడు కాదు. ఈ ఒక్క మేలు మాత్రం అతని మీద బరువుగా కూర్చుంది.

దాన్ని దించుకునే దారి ఈమధ్యనే దొరికింది. తొంభైల్లో మస్తూరా ఓపాకు బస్టాండు పక్కన క్యాసెట్ల బడ్డీ ఉండేది. పిల్లలు ఖాళీ క్యాసెట్లు తెచ్చుకుంటే కంప్యూటర్ ఆటలు ఎక్కించి ఇచ్చేది. ఆ రోజుల్లో ఊరూరా పాకిన 'మీరాబ్' అనే ఆట, పొరుగువాడు తూము మూసేలోగా మల్బరీ చెట్లకు వంతు నీళ్ళు పారించే ఆట, తానే రాశానని ఓ రోజు మాటల్లో అంది. గప్‌లో అందరూ చిన్నప్పుడు ఆ ఆట ఆడినవాళ్ళే. ఎవరు రాశారో ఒక్కరికీ తెలీదు. గప్ పెద్ద గెన్నాదీ ల్వోవిచ్, నాటకశాలలో శబ్దం పని చూసి రిటైరైన మనిషి, మర్యాదగానే రుజువు అడిగాడు. వచ్చే వారం అల్మాటీలో పాత కంప్యూటర్ల ప్రదర్శన ఉంది. వీళ్ళ యంత్రాలూ వెళుతున్నాయి. ఒక్కోదాని ముందు పెట్టే రేకుల మీద పేర్లు సోమవారం చెక్కిస్తారు. ఆవిడ క్యాసెట్ ఆదివారం గప్‌లో ఎక్కితే 'మీరాబ్' రేకు మీద ఆవిడ పేరు. ఎక్కకపోతే 'రచయిత తెలియదు'.

మస్తూరా ఓపా తన రికార్డర్‌నూ చెప్పుల పెట్టెనూ నేమత్‌కు అప్పగించి, మేనకోడలి పెళ్ళికి మార్గిలాన్ వెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి వాటికి కొత్త ప్రాణం పోసి పెట్టాలనుకున్నాడు నేమత్. పోశాడు కూడా. అప్పటినుంచి క్యాసెట్లన్నీ మూగవోయాయి.

ఇవాళ పొద్దుటి రైల్లో ఆవిడ దిగింది. పెరట్లోకి అడుగుపెట్టేసరికి నేమత్ బాణలి ముందు నిలబడి ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తున్నాడు. కళ్ళు రెండూ కారుతున్నాయి.

"ఏం నేమత్‌జాన్, ఉల్లిపాయలకు ఏడుస్తున్నావా, నన్ను చూసి ఏడుస్తున్నావా?"

"ముందు కూచుని టీ తాగండి ఓపా."

"టీ తాగమనేవాడి దగ్గర మంచి కబురుండదు. చెప్పెయ్."

చెప్పాడు. క్యాసెట్ పెట్టి మీట నొక్కితే టీవీ అంచున రంగు గీతలు పడుతున్నాయి. ఆశపడి చూస్తూంటే, టేపులో తప్పు ఉందని ఒక ముక్క రాసి యంత్రం ఆగిపోతోంది. పెట్టెలోని ప్రతి క్యాసెట్‌కూ అదే వరస. పైగా పాత టేపు, తిప్పినప్పుడల్లా గోధుమరంగు పొడి రాలుస్తోంది. అందుకని 'మీరాబ్' క్యాసెట్ జోలికి ఒక్కసారికి మించి పోలేదు. ఇన్నేళ్ళు పొయ్యి గదిలో ఉండి అయస్కాంతం చచ్చిపోయి ఉంటుందని గెన్నాదీ ల్వోవిచ్ అభిప్రాయం.

"సరుకులోనే జీవం పోయిందోపా. మీ తప్పేం లేదు," అన్నాడు చివరికి, బేరం చెడినప్పుడు కొనేవాణ్ణి ఓదార్చే గొంతుతో.

 ఆవిడ తెచ్చిన రొట్టెల మూట తప్చాన్ అనే వెడల్పాటి చెక్క మంచం మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి రికార్డర్ ముందు కూర్చుంది. పెళ్ళినాటి పరికిణీ ఎవరో ఉతికి మడతపెట్టి చేతికిస్తే చూసుకున్నట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక క్యాసెట్ పెట్టి కాసేపు విన్నది. కంప్యూటర్ క్యాసెట్‌లో పాట ఉండదు, చెవులు చిల్లులు పడే కీచుమోత ఉంటుంది. ఇప్పుడు వస్తున్న మోతకు ఆ పదును లేదు.

"ఇది దుప్పటి కప్పుకుని మాట్లాడుతోంది," అంది. రికార్డర్ మూత ఎత్తి, క్యాసెట్‌ను తాకే హెడ్డు పక్కనున్న చిన్న మర మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఎర్ర రంగు ఉండాలి. ఏది?"

"మురికోపా. ఎవరో గోళ్ళరంగు ఒలకబోశారు. గీకి, స్పిరిట్‌తో తుడిచాను. హెడ్డు కూడా ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. కొత్త పాటల క్యాసెట్ పెట్టి విని, నిటారుగా సర్ది బిగించాను." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది.

"ఆ గోళ్ళరంగు నాది," అంది మస్తూరా ఓపా. "హెడ్డు ఒరిగింది కాదు. నేను ఒరగబెట్టింది."

తర్వాత ఆవిడ చెప్పింది విని నేమత్ గరిటె పక్కన పెట్టేశాడు. బడ్డీ పెట్టిన కొత్తలో ఒక కుర్రాడు ఆట కొంటే, వీధి వీధంతా వాడి దగ్గర ఎక్కించుకునేవారు. బడ్డీకి వచ్చేవాడు లేడు. అప్పుడు ఆవిడ తన రికార్డర్ హెడ్డును కాస్త వాలుగా తిప్పి, మర కదలకుండా గోళ్ళరంగుతో సీలు వేసింది. వాలుగా ఎక్కించిన టేపు నిటారు హెడ్డున్న రికార్డర్‌లో నత్తిగా పలుకుతుంది, కంప్యూటర్‌కు అర్థం కాదు. ఆట పలకాలంటే రికార్డర్ చంకన పెట్టుకుని బడ్డీకి రావాలి. ఆవిడ మర తిప్పి, అదే వాలుకు సర్ది పంపేది. తిప్పినందుకు ఏమీ పుచ్చుకునేది కాదు. ఒకసారి ఆ వాలు పడిన రికార్డర్‌కు వేరే బడ్డీల క్యాసెట్లు పనికిరావు మరి. గిరాకీ ఎక్కడికి పోతుంది?

"కొన్నాళ్ళు బాగానే సాగింది. ఆనక వెధవలు కనిపెట్టేశారు. ప్రతివాడి జేబులో ఒక స్క్రూడ్రైవర్."

నేమత్ ఇన్నేళ్ళ వ్యాపారంలో తాళం అమ్మి తాళంచెవి దాచుకున్నవాళ్ళను చూశాడు. తాళంచెవి ఉచితంగా ఇచ్చి గిరాకీని కట్టేసుకున్న మనిషిని ఇప్పుడే చూశాడు. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే అసలు సంగతి తట్టింది. ఆ పెట్టెలో సరుకుకు జీవం పోలేదు. వినే చెవిని తానే తిప్పేశాడు. బాకీ తీర్చబోయి, ఇచ్చినవాళ్ళ గల్లాపెట్టెకే నిప్పుపెట్టినట్టయింది.

"మళ్ళీ ఒరగబెట్టండోపా. ఎంత వాలో మీకు తెలుసుగా."

"కొలతలేం లేవు నాయనా. తిప్పుతూ వినేదాన్ని, మోత ఎక్కడ బాగా కోస్తే అక్కడ ఆపేదాన్ని. దుప్పటి కప్పుకుందని తెలుస్తుంది గానీ, అంత సన్నం పట్టే చెవి ఇప్పుడేదీ? పిచ్చుక అరిస్తే ముక్కు కదలడం కనిపిస్తుంది నాకు, అంతే."

క్యారెట్లు బాణలిలో పడేవేళకు గెన్నాదీ ల్వోవిచ్, ఆయన వెనక మిగతావాళ్ళు వచ్చారు. సలాములు, కుశలాలు, పెళ్ళి కబుర్లు అయ్యాయి. అందరూ తప్చాన్ మీద సర్దుకున్నాక, కథ మళ్ళీ మొదటినుంచి చెప్పక తప్పలేదు. విన్నవాళ్ళలో కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గప్‌లో పళ్ళ డాక్టరొకడు ఉన్నాడు, నోరు ఊరుకోదు.

"నా దగ్గరకొచ్చేవాళ్ళూ అంతే ఓపా. పన్ను వంకరేంటంటే, అది ఫ్యాషనండీ అంటారు."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. గెన్నాదీ ల్వోవిచ్ నవ్వలేదు. టీ గిన్నె కింద పెట్టి నెమ్మదిగా మాట్లాడాడు.

"మిమ్మల్ని అబద్ధమనే ధైర్యం నాకు లేదు మస్తూరా ఓపా. కానీ రుజువు అడిగిన రోజున ఈ వాలు సంగతి మీరు చెప్పలేదు. క్యాసెట్ ఎక్కకపోయాక చెబుతున్నారు. పోనీ ఎక్కిందే అనుకోండి, తెర మీద పేరు ఎవరైనా మార్చి రాసుకోవచ్చు. రేపు అల్మాటీలో నన్ను నిలదీస్తే నేనేం చెప్పను?"

 బాణలిలో క్యారెట్లు చిటపటలాడుతున్నాయి. నేమత్‌కు భూమిలోకి దిగిపోవాలనిపించింది. తన చెయ్యి పడకపోయి ఉంటే ఆ క్యాసెట్ ఈపాటికి ఎక్కేది. ఇంత పెద్ద మనిషి సొంత పెరట్లో, తన రొట్టె తింటున్నవాళ్ళ ముందు, సాక్షి లేని ముద్దాయిలా కూర్చోవలసి వచ్చేది కాదు.

మస్తూరా ఓపా మాత్రం స్క్రూడ్రైవర్ తీసి, దాని పిడి గెన్నాదీ ల్వోవిచ్ వైపు చాపింది.

"అయితే మర మీరే తిప్పండి. నాటకశాలలో పదును పెట్టిన చెవి మీది. నన్ను నమ్మొద్దు. మీ చెవిని నమ్మండి."

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. కాదని రుజువు చేయవలసిన మనిషి చేతికే పనిముట్టు వచ్చింది. కానీ పాత యంత్రాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఒక బలహీనత ఉంది. పందెంలో తామే ఓడిపోయినా సరే, మూగది మాట్లాడితే చాలనుకుంటారు. కళ్ళజోడు మార్చుకుని ముందుకు జరిగాడు.

అప్పుడు నేమత్‌లోని వ్యాపారి నిద్రలేచాడు. చెయ్యి అడ్డం పెట్టి, 'మీరాబ్' ముట్టుకోవద్దన్నాడు. పట్టుబట్ట తానంతా ఎవరూ ఎండలో పరవరు, అంచు ముక్క చూపిస్తారు. పెట్టెలో క్యాసెట్లన్నీ ఆ బడ్డీలో, ఆ హెడ్డు మీద, అదే వాలున ఎక్కించినవే కదా. పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి పెట్టి వాలు పట్టాలి. పొడి రాలితే దానిది రాలనీ. వాలు దొరికాకే అసలు సరుకు పైకి తియ్యాలి.

"తుక్కు అమ్మినా బుర్ర మాత్రం తుక్కు కాదు," అంది మస్తూరా ఓపా. ఎవరూ ఏనాడూ కొనని ఎక్కాల పాఠం క్యాసెట్ ఏరి ఇచ్చింది.

గెన్నాదీ ల్వోవిచ్ కళ్ళు మూసుకున్నాడు. మర మీద స్క్రూడ్రైవర్ ఆనించి, వెంట్రుకవాసి తిప్పడం, ఆగి వినడం, మళ్ళీ తిప్పడం. మోత ముందు ఇంకా మందగించింది. వెనక్కి వచ్చి రెండో వైపు తిప్పాడు. దుప్పటి కొంచెం తొలిగింది. నేమత్ బియ్యం కడుగుతున్న చెయ్యి ఆపాడు. ఇంకొంచెం. మోత సన్నబడింది, సానరాయి మీద కత్తిలా పదునెక్కింది. పళ్ళ డాక్టరు చెవులు మూసుకున్నాడు. గెన్నాదీ ల్వోవిచ్ ఆ చోటు దాటిపోయి, మోత మళ్ళీ మొద్దుబారడం విని, దాటిన చోటుకే తిరిగి వచ్చి ఆగాడు.

కళ్ళు తెరిచి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. హెడ్డు కేసి వంగి చూశాడు. నిటారు ఎక్కడ, ఇప్పుడు ఒరిగింది ఎక్కడ. ఉత్త కంటికే తెలుస్తోంది.

"దెబ్బ తగిలితేనో, అరిగితేనో ఇంత ఒరగదు," అన్నాడు, అందరికీ వినపడేలా. "ఎవరో కూచుని కావాలని ఒరగబెట్టాలి. ఓపా, క్షమించండి."

"ముందు ఎక్కనివ్వండి. క్షమాపణ వేడిగా ఉండగా పుచ్చుకుంటాను."

నేమత్ 'మీరాబ్' క్యాసెట్ పెట్టాడు.  మీట నొక్కాడు. టీవీ అంచున ఎరుపూ నీలమూ పట్టీలు వెడల్పుగా పాకాయి. తర్వాత సన్నని పసుపు గీతలు కుట్టుమిషన్ సూదిలా పరిగెత్తాయి. తెర మీద బొమ్మ ఒక్కో గీతే దిగసాగింది. ముందు మల్బరీ కొమ్మలు. తర్వాత కాలువ గట్టు. గట్టు మీద టోపీ పెట్టుకున్న మీరాబ్, అంటే కాలువ నీళ్ళు పంచే మనిషి, చేతిలో పార. నలభై దాటిన మగాళ్ళు ఒకరి మీదొకరు పడి చూస్తున్నారు. తాము ఆడిన కాపీల్లో ఈ బొమ్మ లేదు. ఎవరో ఎప్పుడో కోసేశారు. అన్నిటికన్నా కింద అక్షరాలు వచ్చాయి.

రాసినవారు: మస్తూరా, క్లారా.

మస్తూరా పేరు అందరూ కలిసి పైకి చదివారు. రెండో పేరు దగ్గర గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. ఆవిడ ఏనాడూ ఆ పేరు ఎత్తలేదు.

గెన్నాదీ ల్వోవిచ్ తల ఊపాడు. "నాకింక రుజువు అక్కర్లేదు. దొంగ పేరు వేసుకునేవాళ్ళు పక్కన ఇంకొకరికి చోటివ్వరు."

నేమత్ బాణలి దగ్గరకు వెళ్ళి బియ్యం ఎసట్లో పోశాడు గానీ, అతని మనసు ఎసట్లో లేదు. మూత పెట్టి వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, గోళ్ళరంగు గీకిన పాపం తనదేనని, అది మన్నించమని అడిగాడు. ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పిచ్చివాడా, నువ్వు గీకకపోతే ఏమయ్యేది? క్యాసెట్ చక్కగా ఎక్కేది. పేరు తర్వాత రాసుకుంది లెమ్మని ఇంటికెళ్ళాక అనుకునేవాళ్ళు. ఇప్పుడు మర తిప్పింది నేను కాదు, నువ్వూ కాదు. నన్ను నమ్మని చెయ్యే తిప్పింది. అంత సాక్ష్యం నేను కొనాలంటే దొరికేదా? నీ మేలు మరిచిపోను ఉకా, నా తమ్ముడా."

మేలు ఎవరిదో ఎవరికో నేమత్‌కు తేలలేదు. పలావు చూసి వస్తానని లేచాడు.

ఈలోగా ఆట మొదలైంది. పళ్ళ డాక్టరే ఆడుతున్నాడు. తూములు తెరుస్తూ, పొరుగువాణ్ణి తిడుతూ, నీళ్ళు చివరి చెట్టు దాకా పారించాడు. అతని కాపీలో ఆట అక్కడితో అయిపోయేది. ఇక్కడ తెర నల్లబడి కొత్త ముక్క వచ్చింది. 'రెండో క్యాసెట్ పెట్టండి.'

నేమత్ చెప్పుల పెట్టె మళ్ళీ వెతికాడు. అలాంటిది లేదు.

"వెతక్కు, ఉండదు," అంది మస్తూరా ఓపా. టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని చెప్పుకొచ్చింది. బడ్డీలో రెండు పీటలు ఉండేవి. ఒకటి తనది, రెండోది క్లారా తెన్ అనే కొరియన్ల అమ్మాయిది. చెట్లూ తూములూ తాను రాస్తే, నీళ్ళు పారించే విద్య క్లారాది. కంప్యూటర్‌కు మాట నేర్పడం తనకు నేర్పింది కూడా ఆ అమ్మాయే. ఏదో మాట పట్టింపుతో విడిపోయారు. ఆట చెరో సగం పంచుకున్నారు. "నా టేపు నీ హెడ్డు మీద ఎన్నటికీ పలకదు అని, తన రికార్డర్ మర రెండో వైపుకి తిప్పి బిగించుకుని వెళ్ళిపోయింది. గెన్నాదీ ల్వోవిచ్, రేకు మీద రెండు పేర్లూ చెక్కించండి. ఒక్క పేరైతే నాకొద్దు. క్లారా రుణం నేను ఇంకో విధంగా తీర్చలేను."

గెన్నాదీ ల్వోవిచ్ ఆవిడ వంక అదోలా చూస్తున్నాడు.

"ఏ ఊరు వెళ్ళింది ఆవిడ?"

"అల్మాటీ అని విన్నాను. ఏం?"

"ఈ ప్రదర్శన పెడుతున్నది ఒక క్లారా తెన్. నాకు ఫోన్ చేసిందీ ఆవిడే. 'మీరాబ్' ఆట ఉంటే తప్పకుండా పంపమంది. రచయిత తెలియదు అని వెయ్యమన్నది కూడా నేను కాదు ఓపా. ఆవిడే."

మస్తూరా ఓపా టీ గిన్నె కింద పెట్టేసింది. ఎంత గట్టిగా మాట్లాడినా అందని దూరంలోకి వెళ్ళిపోయినట్టు కూర్చుంది.

కట్టుబాటు ప్రకారం యంత్రం మాట్లాడింది కనక బాణలి మూత తీయవచ్చు. నేమత్ తీశాడు. పళ్ళేల్లో వడ్డిస్తూ మనసులో లెక్క కట్టుకున్నాడు. వచ్చినవి: ఒక మనిషి పేరు. ఆ పేరును శంకించినవాడి నోటనే క్షమాపణ. వ్యాపారంలో ఎవరూ నేర్పని ఒక మర తిప్పు. తీరుద్దామనుకున్న రుణం మీద ఇంకో రుణం, దానికి అతనికేమీ బాధగా లేదు. రావలసినవి: ఆటలో సగం. అది అల్మాటీలో, రెండో వైపుకి ఒరిగిన ఒక హెడ్డు దగ్గర, తన పేరు తానే చెరిపేసుకున్న మనిషి చేతిలో ఉంది. అడగడానికి వెళ్ళేవాడు తనే తప్ప ఇంకెవరూ లేరు.